బల్ల మీద తెరిచిన పాన్‌దాన్

లెక్క ఎక్కడ నేర్చుకున్నానంటే

మా అన్నయ్య కూతురు ఫార్మసీ చదువు పూర్తి చేసింది. వచ్చే నెలలో బాపట్లలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో చేరబోతోంది. మొన్న ఇంటికొచ్చి, "బాబాయ్, నువ్వు ఇన్నేళ్లూ చేసింది మాత్రలు లెక్కపెట్టడమే కదా?" అంది.

"లెక్కపెట్టడమే. కాకపోతే కూడికలు ఎవరైనా చేస్తారు. నాకు పనికొచ్చింది తీసివేత" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఆ తీసివేత గురించే రాస్తున్నాను, ఆమె కోసమూ, ఆమెలా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసమూ.

నేను తెనాలిలో ఒక మానసిక వైద్యుడి దగ్గర కాంపౌండరుగా పనిచేశాను. చదివింది ఇంటర్ వరకే. లెక్కలు మాత్రం జంపనిలో చెరకు తూచే కాటా దగ్గర నేర్చుకున్నాను. మా మేనమామ అక్కడ బండ్లు తూచేవాడు. ముందు చెరకుతో సహా బండిని తూస్తారు. చెరకు దించేశాక ఖాళీ బండిని తూస్తారు. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే చెరకెంతో తెలుస్తుంది. "బండి బరువు తీయకుండా చెరకు బరువు చెప్పినవాడు దొంగైనా అయ్యుండాలి, తొందరపడ్డవాడైనా అయ్యుండాలి" అనేవాడు మామ. సెలవుల్లో అక్కడ కూర్చుని నేను నేర్చుకున్నది అంతే. తర్వాత పిల్లల మందుల దగ్గర అదే అక్కరకొచ్చింది.

మా డాక్టరు ప్రభాకరం గారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే గదంతా వెతికే మనిషి. వారంలో ఎక్కువ రోజులు తెనాలిలో చూసేవారు. బుధవారం ప్యాసింజరు ఎక్కి రేపల్లె, శనివారం బాపట్ల. మందుల పెట్టె, టీ ఫ్లాస్కు పట్టుకుని నేను వెనకాల. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలినాళ్లలో మా చుట్టుపక్కల పిల్లలకని వేరే మానసిక వైద్యులు లేరు. అందుకని పిల్లలు కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. "పెరిగే ఒళ్లయ్యా. ఆర్నెల్ల కిందటి చొక్కా ఇవాళ పట్టదు. మందు మాత్రం అదే వేస్తామంటే ఎట్లా?" అని, ప్రతి పిల్లనూ నా చేత తూయించేవారు.

మర్యాద

పిల్లల మందుల విషయంలో నేను ఎక్కువగా భయపడింది మన మర్యాదకే.

మనవాళ్లు ఒక డాక్టరు ఎదుట ఇంకో డాక్టరు పేరెత్తరు. ఈయన నొచ్చుకుంటారని భయం. పాత చీటీలు ఇంట్లో పెట్టి వస్తారు. కొందరైతే మాత్రల్ని అట్టల్లోంచి విడదీసి, ఏ కంపెనీవో తెలియకుండా చేసి మరీ వస్తారు. ఇందులో మోసమేమీ లేదు. పెళ్లింట్లో కూర్చుని ఇంకో పెళ్లి భోజనాన్ని పొగడకపోవడం లాంటిదే ఇది. కానీ దీనివల్ల ఏ డాక్టరుకా డాక్టరు తానే మొదటివాణ్ణనుకుని రాస్తాడు. పిల్ల పొట్టలో మాత్రం అందరి మందులూ కలుసుకుంటాయి.

నేను బయటి గదిలో అడిగేవాణ్ణి. ఎక్కువసార్లు మాటలు ఇలా నడిచేవి.

"పిల్లాడికి ఇప్పుడు మందులేమైనా వాడుతున్నారామ్మా?"

"ఏం లేదన్నయ్యా."

"అస్సలు?"

"అస్సలు లేదండి."

"మరి రాత్రి బాగా పడుకుంటున్నాడా?"

"ఆ, మాత్రేస్తే పడుకుంటాడండి."

"లేదన్నారుగా!"

"అది మందు కాదుగా అన్నయ్యా. నిద్రకి."

టానిక్కు మందు కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చింది మందు కాదు. మేనమామ కొడుక్కి పనిచేసిందని వేసింది అసలే కాదు. కాబట్టి కొత్తగా చేరేవాళ్లు ముందు ఈ ప్రశ్న మార్చుకోండి. "మందులు వాడుతున్నారా" అని అడగొద్దు. "పొద్దున్నుంచీ పిల్ల నోట్లో ఏమేం పడ్డాయో చెప్పండి" అని అడగండి. ఇడ్లీతో మొదలుపెట్టి అన్నీ బయటికొస్తాయి. ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. బీబమ్మ గారి పాన్‌దాన్ చూశాక వచ్చింది.

రెహానా, ఆమె దాదీ, ఒక సూది

రేపల్లెలో మేము ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చునేవాళ్లం. ఒక బుధవారం పరుపులు కుట్టే బాజీ భార్య జరీనా, కూతురు రెహానాను తీసుకొచ్చింది. పిల్ల ఏడో తరగతి. తెనాలిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వెంట నాయనమ్మ బీబమ్మ గారు కూడా వచ్చారు. రెహానా ఆమెను దాదీ అంటుంది. ఆమె ఒళ్లో ఇత్తడి పాన్‌దాన్ ఉంది. ఆకు, వక్క, సున్నం విడివిడిగా పెట్టుకునే గడులున్న తాంబూలప్పెట్టె.

"నిద్ర పట్టట్లేదండి పిల్లకి. తిండి తినదు. గోడకేసి చూస్తా కూర్చుంటది" అంది జరీనా.

"నా సూదిలో దారం ఎక్కించట్లేదు డాక్టర్ సాబ్. అది కూడా రాసుకోండి" అన్నారు బీబమ్మ గారు.

"అత్తా, ఊరుకో. సూది జబ్బు చెప్పుకోడానికొచ్చామా మనం?"

"సూదికి జబ్బని నేనన్నానా? పిల్ల చేతికన్నా."

బీబమ్మ గారు బొంతలు కుడతారు. చూపు మందగించిన దగ్గర్నుంచి సూదిలో దారం ఎక్కించడం మనవరాలి పని. తెనాలి నుంచి సెలవుకొచ్చిందంటే వరసగా సూదులన్నిటికీ ఎక్కించి గోడ క్యాలెండరుకు గుచ్చి వెళ్లేదట. ఇప్పుడు చెయ్యి ఆగట్లేదు.

డాక్టరు గారు నవ్వారు, నేనూ నవ్వాను. రెహానా నవ్వలేదు. "మందులేమైనా?" అని అడిగారాయన. "లేదండి" అంది జరీనా. బీబమ్మ గారు పాన్‌దాన్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. బయట జనం ఉన్నారు, సాయంత్రం బండి టైము దగ్గరపడుతోంది. ఆయన చిన్న మోతాదులో నిద్రమాత్ర రాశారు.

రెండు బుధవారాల తర్వాత బాజీ పిల్లను రిక్షాలోంచి దాదాపు మోసుకుంటూ దించాడు. వెనకాలే జరీనా, బీబమ్మ గారు దిగారు. తరగతిలో బల్ల మీదే నిద్రపోతోందట. నడుస్తుంటే కాళ్లు బిగుసుకుంటున్నాయట. అప్పట్లో ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష ఉండేది. ఇలాగైతే దానికి కూర్చోబెట్టలేమని హెడ్మాస్టరు చెప్పారట.

"పరీక్ష దాకా చూస్తా సార్. తేలకపోతే బడి మానిపించేస్తా. ఇంట్లో పరుపుల దగ్గర కూర్చుంటది" అన్నాడు బాజీ.

అప్పుడు మొదటిసారి రెహానా తలెత్తి తండ్రి వైపు చూసింది. చదువులో ఆ పిల్ల ముందుండేదని మాకు అప్పటికి తెలియదు. ఆ చూపుతో తెలిసింది.

"నిద్రమాత్ర సగానికి తగ్గిద్దాం" అంటూ డాక్టరు గారు కలం తీశారు.

బీబమ్మ గారు పాన్‌దాన్ తెచ్చి ఆయన ముందు బల్ల మీద ఠక్కున పెట్టి మూత తీశారు. "దేన్ని తగ్గిస్తారు? ఇందులో మీదేదో మీరే చూసుకోండి."

"అత్తా!" అంటూ జరీనా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఒక గడిలో వక్కలు, ఒక గడిలో సున్నం. మిగిలిన గడుల్లో మాత్రలు. తెల్లవి, పసుపువి, గులాబీ రంగువి, అన్నీ అట్టల్లోంచి విడదీసినవే. చిన్నపిల్లలు ముట్టుకోని పెట్టె ఇంట్లో అదొక్కటే. బీబమ్మ గారు మూడు పూటలా తిండి తర్వాత వేళకు తాంబూలం వేసుకుంటారు. అదే వేళకు మాత్రలు. నిజం చెప్పాలంటే చాలా మంచి ఏర్పాటు. మేము చెప్పినా అంత బాగా చెప్పలేం. పిల్ల తెనాలి వెళ్లేటప్పుడు మేనత్తకు కూడా అదే లెక్కన పొట్లాలు కట్టిచ్చేవారట.

జరీనా మెల్లగా చెప్పింది. తను పుట్టింటికి బాపట్ల వెళ్లినప్పుడు, భయమంటోందని పిల్లను చూపిస్తే అక్కడి డాక్టరు ఒకటి రాశారు. పిల్లకు చేతులు వణుకుతున్నాయని మేనత్త తెనాలిలో ఇంకో డాక్టరుకు చూపించింది. ఆయన ఒకటి రాశారు. పాఠాలు మరిచిపోతోందని అక్కడే మళ్లీ చూపిస్తే మరొకటి. ఆపైన మేము.

"మొదటే చెప్పొచ్చుగామ్మా!"

"ఒక డాక్టరు గారి దగ్గర ఇంకో డాక్టరు గారి సంగతి ఎత్తితే బాగుండదని..."

ప్రభాకరం గారు నుదుటి మీది కళ్లజోడు దించుకున్నారు. "బాజీ, మాత్రల అట్టలు ఇంట్లో ఉన్నాయా? సైకిలు మీద వెళ్లి పట్రా. ఖాళీవైనా సరే, అన్నీ."

నా పది, డాక్టరు గారి ఆరు

బాజీ వచ్చేలోగా నేను ఒక లెక్క వేశాను. మా లూథరన్ చర్చిలో పండగ ఆరాధన అయ్యాక ఒకరితో ఒకరు చేతులు కలుపుతారు. ఇద్దరుంటే ఒక్కసారి కలిస్తే సరి. ముగ్గురుంటే మూడు. నలుగురుంటే ఆరు. అయిదోవాడొచ్చాడంటే పది. వచ్చింది ఒక్కడే అయినా కొత్త కలయికలు నాలుగు. మందులూ అంతే. అయిదో మాత్ర వేస్తే పెరిగేది ఒక మాత్ర కాదు, నాలుగు కొత్త జతలు. ఏ జత ఎలా కలుస్తుందో, ఎలా తగువు పడుతుందో చూడాలి. పెద్దవాళ్లలోనే అన్ని జతల సంగతీ తెలియదు. పిల్లల్లో తెలిసింది ఇంకా తక్కువ అని డాక్టరు గారే చెప్పేవారు.

"అయిదు రకాలున్నాయండి. పది జతలు" అన్నాను.

ఆయన బాజీ తెచ్చిన అట్టలను వెలుతురులో పెట్టి చిన్న అక్షరాలు చదివారు. "కాదు. ఇదిగో, ఈ రెండింటికీ కంపెనీ పేరు వేరు, లోపలి మందు ఒకటే. షాపులో పాతది దొరక్క కొత్త పేరుతో ఇచ్చుంటారు. వీళ్లు కొత్త మందనుకుని రెండూ వేశారు. నాలుగే మందులు, ఆరే జతలు. కానీ అందులో ఒకటి రెట్టింపు." నా వైపు చూశారు. "నీ లెక్క తగ్గిందయ్యా, పిల్ల మీద బరువు తగ్గలేదు."

ఆయన మిగతాది ఒక్కొక్కటే విప్పారు. భయానికి ఇచ్చిన మొదటి మందు రెట్టింపవడంతో వణుకు, బిగుతు వచ్చాయి. వణుకుకు ఇచ్చిన రెండోదానితో నోరెండడం, మరుపు. మరుపు చూసి చదువు మీద ధ్యాస కోసం మూడోది. దానితో నిద్ర, ఆకలి పోయాయి. నిద్రకు నాలుగోది.

"నాలుగోది నాది. మూడోది లేపుతుంటే నాది పడుకోబెడుతోంది. మధ్యలో దీని ప్రాణం" అని నవ్వబోయి ఆగారు. "మీ మామ కాటా సంగతి చెప్పావు చూడు. ఇక్కడ మేమందరం మందు తెచ్చిన బాధను కూడా జబ్బే అనుకుని, బండినీ చెరకునూ కలిపి తూచాం."

"అయితే అన్నీ ఆపేస్తే సరిపోద్ది కదండీ?" అన్నాను హుషారుగా.

"నిండు బండి మీంచి చెరకంతా ఒకేసారి లాగితే ఏమవుద్ది?"

"బండి తిరగబడుద్దండి."

"అందుకే ఒక్కొక్కటే."

అది నాకు పాఠం. కొన్ని మందుల్ని హఠాత్తుగా ఆపడం, ఎక్కువ వేయడమంత ప్రమాదం. తీసివేతకూ వరస ఉంటుంది. ముందు రెట్టింపు తీశారు. తర్వాత మూడోది మెల్లమెల్లగా. అది పోతే నిద్రమాత్రతో పనుండదు. ఆఖర్న వణుకు మాత్ర. ఆ సాయంత్రమే తెనాలి చేరాక బాపట్ల డాక్టరుకు ఫోన్ చేశారు.

"నేను రాసింది ఒక్కటేనండీ!" అని అవతల గొంతు నాకు కూడా వినపడింది.

"నేనూ ఒక్కటే రాశానండీ. అదే వచ్చిన చిక్కు" అన్నారీయన. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తెనాలి డాక్టరు గారు కూడా బాగానే మాట్లాడారు. నొచ్చుకుంటారని మనం భయపడే మనుషులు నిజానికి అంత తేలిగ్గా నొచ్చుకోరు. ఆ మాట కొత్తవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. ఫోన్ చేయండి.

రేకులు

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మూడో మందు తగ్గించే రోజుల్లో బాజీ ఒక బుధవారం అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు. మనిషి మండిపోతున్నాడు.

"మీరు మాత్రలు తీసేస్తున్నారు, అది మళ్లీ మొదలెట్టింది సార్! కంచం విసిరేసింది. రాత్రంతా ఏడుపు. నాకు పాత మందులే ఇచ్చేయండి, పడుంటది."

"పడుండటమేనా నీక్కావలసింది?"

"బడికి పోవాలి సార్. పోకపోతే పడుండాలి. ఈ మధ్యలోది నేను చూడలేకపోతున్నా."

డాక్టరు గారు కోప్పడలేదు. "తప్పు వేగానిది. నేను కాస్త ముందుకు లాగాను. ఇంకా నెమ్మదిగా దించుదాం" అని మోతాదు చీటీ మార్చారు. ఆ తర్వాత అందర్నీ బయటకు పంపి, గది తలుపు తెరిచే ఉంచి, రెహానాను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"మొదట్లో భయమన్నావటగా. దేనికి?"

రెహానా నా వైపు, తలుపు వైపు చూసింది. "నన్నెవరూ అడగలేదు సార్. అమ్మనే అడుగుతారు."

"ఇప్పుడు నిన్నే అడుగుతున్నా."

"అత్త వాళ్లింట్లో పైగదిలో ఒక్కదాన్నే పడుకుంటా. పైన రేకులు. గాలొస్తే కొట్టుకుంటాయి. ఎవరో పిలిచినట్టుంటది. అదే చెప్పా. ఎవరో పిలుస్తున్నారంటందని అమ్మ డాక్టరు గారికి చెప్పింది."

ఆ ఒక్క మాట, ముందు "గాలొస్తే" అన్న ముక్క లేకుండా, బాపట్లలో ఒక మందైంది. అందులో బాపట్ల డాక్టరు తప్పు నాకు కనపడదు. ఎవరో పిలుస్తున్నారని చెబితే ఏ డాక్టరైనా అదే ఆలోచిస్తాడు. చెప్పిన తల్లి తప్పూ లేదు. పిల్లను అడగడమొక్కటే జరగలేదు.

బాజీని లోపలికి పిలిచి చెబితే నోరు తెరిచాడు. "మా అక్క ఇంటి రేకులా! ఇప్పుడే తెనాలి పోయి మేకులు దిగ్గొట్టొస్తా సార్."

"కొట్టు. కానీ రేకులు ఆగినంత మాత్రాన భయం ఆ పూటే ఆగదు. నెలల తరబడి పెరిగింది. ఒక మందు చిన్న మోతాదులో ఉంచుతా, ప్రతి బుధవారం పిల్ల నాతో మాట్లాడాలి. నేను చెప్పేదాకా ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు."

"మరి బడి?" అంది రెహానా.

బాజీ తల గోక్కున్నాడు. "రేపల్లె బళ్లో వేస్తా. దాదీ పక్కన పడుకుందువుగాని. దాదీ గురక రేకుల కన్నా పెద్దదే, చూసుకో మరి."

ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు మాకు కొత్త.

కాకుమాను మేనమామ

ఇది చదివి పిల్లల మందులన్నీ పీకెయ్యాలని ఎవరైనా బయల్దేరతారేమో. అందుకే ఇది కూడా రాస్తున్నాను. ఈ రేపల్లె సంగతి నేను అందరికీ చెబుతూ ఉండేవాణ్ణి. కాకుమాను నుంచి పదోతరగతి కుర్రాడొకడు వచ్చేవాడు. ఫిట్స్‌కొకటి, మనసు కుదుటపడటానికొకటి వాడేవాడు, బాగా ఉండేవాడు. ఒకరోజు వాళ్ల మేనమామ నా దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు.

"ఒకటి తీసేశామండి. మీరన్నారుగా, జత ఉండకూడదని."

నేను గబుక్కున లేచాను. "ఎప్పుడు తీశారు?"

"ఇంకా తియ్యలేదండి. ఇవాళ్టి నుంచి తీద్దామని. ముందు మీకు చెబితే సంతోషిస్తారనీ..."

డాక్టరు గారు ఆయన్ని కూర్చోబెట్టి, ఏ మందు దేనికో, రెండూ ఎందుకుండాలో ఓపిగ్గా చెప్పారు. ఆయన పోయాక నాతో, "జతలుండకూడదని కాదయ్యా. ప్రతి మందూ తానెందుకున్నానో చెప్పగలగాలి. చెప్పలేనిదాన్ని అడగాలి. అడిగేది కూడా డాక్టర్నే" అన్నారు. అప్పట్నుంచీ నా చేతులు కలిపే లెక్క చెప్పినప్పుడల్లా చివర్న ఈ మాట తప్పనిసరిగా కలిపేవాణ్ణి.

టై కట్టుకుని వచ్చే మందుల కంపెనీ కుర్రాళ్లకు కూడా ఆ లెక్క చెప్పేవాణ్ణి. ఒకాయన "ఒకే మాత్రలో రెండు మందులు సార్, పిల్లలకు మింగడం సులువు" అన్నాడు. "మింగేటప్పుడు ఒకటే. లోపలికెళ్లాక రెండే కదా బాబూ" అన్నాను. ఆయన మంచివాడు, నవ్వేసి టీ తాగి వెళ్లాడు. ఆ తర్వాత నా గుమ్మంలోంచి వెళ్లేటప్పుడల్లా "ఎన్ని జతలండీ ఇవాళ?" అని పలకరించేవాడు.

లవంగాలు

బీబమ్మ గారికి మా పరీక్షల మీద నమ్మకం లేదు. డాక్టరు గారు రెహానా చేతులు చాపించి చూసేవారు, నడిపించి చూసేవారు. ఆమె మాత్రం ప్రతి బుధవారం రవిక మడతలోంచి సూది, దారం తీసి మనవరాలి చేతిలో పెట్టేవారు. మొదట్లో దారం కొస సూది చుట్టూ తిరిగేది. రెహానా విసుక్కుని ఒళ్లో పడేసేది. బీబమ్మ గారు దాన్ని తీసి మళ్లీ దాచుకునేవారు. ఒక వారం దారం బెజ్జం దాకా వెళ్లి వంగింది. "దారానికి తడి చాల్లేదులే" అన్నారు. వాళ్లిద్దరూ పోయాక డాక్టరు గారు నాతో అన్నారు. "నా పరీక్ష కన్నా ఈవిడదే బాగుందయ్యా. మోతాదు తగ్గించిన వారమే చూపిస్తోంది."

పరీక్షలు రాసి వచ్చిన బుధవారం రెహానా తనే చెయ్యి చాపింది. "దాదీ, ఇవ్వు."

దారాన్ని పెదాలతో తడిపి, సూదిని కిటికీ వెలుతురుకు పెట్టి, ఒక్కసారికే దూర్చేసింది. బాజీ పైకి చూస్తూ ఫ్యాను రెక్కలు పరీక్షించాడు.

"డాక్టర్ సాబ్ చేతికివ్వు. ఆయన కూడా చూపించుకోవాలిగా" అన్నారు బీబమ్మ గారు.

ప్రభాకరం గారు దారం లాగేసి మళ్లీ ఎక్కించబోయారు. ఒకసారి, రెండుసార్లు, కుదరలేదు. కళ్లజోడు కోసం బల్లంతా తడుముకున్నారు.

"నుదుటి మీదుంది సార్" అంది రెహానా.

కళ్లజోడు పెట్టుకున్నా ఎక్కలేదు. రెహానా ఆయన చేతిలోంచి సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

"మీకు రోజుకెన్ని మాత్రలు సాబ్?" అన్నారు బీబమ్మ గారు.

ఆయన నవ్వు బయట జనానికి కూడా వినపడింది. "ఒక్కటమ్మా. బీపీకి. ఎందుకున్నదో చెప్పగలను కూడా."

బీబమ్మ గారు పాన్‌దాన్ మూత తీశారు. వక్కలున్నాయి, సున్నముంది. ఒక గడిలో తెల్లటి సగం మాత్రలు, డాక్టరు గారు ఇంకొంతకాలం ఉంచమన్నవి. మిగతా గడుల్లోకి నేను అలవాటుగా వంగి చూశాను.

"లెక్కపెట్టకు బేటా. అవి లవంగాలు" అని ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.